స్టెల్లా పట్టుబట్టి నేర్చుకున్న భూతకాలం

భవానీపురంలో స్టెల్లా కర్రీ పాయింటుకి మధ్యాహ్నం పూట కూరలకి వెళ్ళినవాళ్ళకి ఆ మధ్య ఒకటే అనుమానం. ఈవిడ జపం చేసుకుంటోందా, లేక మనల్నే లోలోపల తిట్టుకుంటోందా అని. "కోసినే" అంటూ కవర్లోకి దొండకాయ వేపుడు జారవిడిచేది. "కోసినాస్తే" అంటూ కవరు మూతి మెలిపెట్టేది. "కోసినో" అంటూ రబ్బరు బ్యాండు చుట్టి గట్టు మీద పెట్టేది. ఆ మూడో మాట దగ్గర ఆవిడ మొహం చూస్తే ఇంకాస్త పులుసు వేయమని అడగడానికి కూడా భయం వేసేది.

రోజూ పప్పుచారు పట్టుకెళ్ళే తిరుపతిరావు గారు ఒకనాడు ఉండబట్టలేక అడిగేశారు.

"ఏమ్మా, నేనేమన్నా తప్పు చేశానా? అట్టా తిడతన్నావు?"

"అయ్యో, మిమ్మల్ని కాదండీ. స్పానిష్. వండాను, వండావు, వండింది. అంతే."

"స్పానిషా! ఈ వయసులో నీకెందుకమ్మా అది?"

"ఒకావిడతో మాట్లాడాలండీ. ఆవిడకి ఇప్పుడు ఇంకో భాష రాదు. మునక్కాడ కూర కూడా కట్టమంటారా?"

ఆయన కట్టమన్నారు గానీ నమ్మలేదు. ఇంటికెళ్ళి భార్య శివపార్వతితో, "పాపం, ఆ కర్రీ పాయింటామెకి ఎండదెబ్బ తగిలినట్టుంది" అన్నారట. మర్నాడు శివపార్వతి గారే స్వయంగా వచ్చి ఆ మాట స్టెల్లాకి చేరవేశారు. మంచి మాట చేరవేయడానికి మన వీధుల్లో ఎవరికీ తీరిక ఉండదు. ఇలాంటివైతే చెప్పులేసుకుని మరీ వస్తారు.

స్టెల్లాకి ఎండదెబ్బ తగల్లేదు. నలభై ఏడేళ్ళు వచ్చాక, ఇద్దరాడపిల్లలూ ఉద్యోగాల్లో కుదురుకున్నాక, ఆవిడకి ఒక పాత కోపం మళ్ళీ రాజుకుంది, అంతే. ఆ కోపం తెలుగులో పుట్టింది. దాన్ని ఎవరికి చెప్పాలో ఆ మనిషికి మాత్రం తెలుగు పోయింది.

హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే దిగి, కాలవ గట్టు వెంట లోపలికి వెళితే మరియాలయం అని ఆడపిల్లల బోర్డింగ్ ఒకటి ఉంది. స్పెయిన్ దేశం నుంచి వచ్చిన మఠకన్యలు పెట్టారు. వాళ్ళ పెద్ద కొన్సువేలో అమ్మగారు. ఆ పేరు పిల్లలెవరికీ నోరు తిరక్క కొన్సలమ్మగారు చేశారు. పొడుగాటి మనిషి. తెలుగు గడగడా మాట్లాడేవారు, కాకపోతే 'ళ' పలకలేక 'వెల్లండి, వెల్లండి' అని పిల్లల్ని భోజనాలకి తోలేవారు. స్టెల్లా తండ్రి శౌరయ్య పాలేరు. పెళ్ళాం పోయాక మూడో తరగతి పిల్లని తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టి వెళ్ళాడు. ఆ పిల్లకి జ్వరమొస్తే అమ్మగారు పక్కన కూర్చున్నారు. తల దువ్వి పేలు తీశారు. గౌన్లు కుట్టించారు. ఆవిడ రాక్షసి అయితే ఈ గొడవ ఎప్పుడో తెగిపోయేది. మంచివాళ్ళు అన్యాయం చేస్తేనే మనిషికి ఏం చెయ్యాలో పాలుపోదు.

పదో తరగతి స్టెల్లా ఫస్టు క్లాసులో పాసైంది. ఏ.ఎన్.ఎం. ట్రైనింగుకి అప్లికేషన్ పెట్టుకుంది. తెల్ల చీర, చేతిలో మందుల పెట్టె, ఊరూరా తిరిగి సూదులు వేసే నర్సమ్మ. ఆ పిల్ల కళ్ళ ముందు ఎప్పుడూ ఆ బొమ్మే. ఒక మిషన్ ఆసుపత్రిలో సీటు కూడా వచ్చింది. అదే వారం బోర్డింగ్ వంటామె సంపూర్ణమ్మ మంచాన పడింది. అంతమంది పిల్లలకి వండేదెవరు? స్టెల్లా చెయ్యి మంచిదని అప్పటికే పేరు. ఈ అమ్మాయి రాదు అని అమ్మగారు ఆసుపత్రికి జవాబు రాసేశారు. ఆ అమ్మాయిని మాత్రం అడగలేదు. తనతో పాటు సీటొచ్చిన ఇంకో పిల్ల పెట్టె సర్దుకుంటుంటే స్టెల్లా వెళ్ళి అడిగింది.

"అమ్మగారూ, నేనెప్పుడు వెళ్ళాలండీ?"

"నీ చెయ్యి మంచిది బిడ్డా. దేవుడు నీకు వంటగది ఇచ్చాడు. ఈ సంవత్సరం చూడు" అన్నారు అమ్మగారు, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి.

ఆ చెయ్యి కింద స్టెల్లా కిక్కురుమనలేదు. అమ్మగారికి ఎదురు చెప్పడం అనేది ఆ ఆవరణలో ఎవరూ ఎరగరు. ఈ సంవత్సరం అన్నది ఏళ్ళకేళ్ళు సాగింది. ఊక పొయ్యి ముందు నిలబడి ఆ పిల్ల గంగాళాల కొద్దీ అన్నం వండింది, సాంబారు కాచింది, పాలపొడి కలిపింది. చివరికి అమ్మగారే లాజరు అనే కుర్రాణ్ణి చూసి పెళ్ళి చేసి పంపారు. బోర్డింగ్ వాళ్ళు అచ్చేసిన పుస్తకంలో స్టెల్లా ఫోటో కింద "అనాథకు ఉపాధి" అని ఉంటుంది. శౌరయ్య ఆ తర్వాత ఇంకా చాలాకాలం బతికే ఉన్నాడు. అనాథ ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసినవాళ్ళకే తెలియాలి.

అమ్మగారు వయసు మీద పడి స్పెయిన్ వెళ్ళిపోయారు. ఎప్పుడో ఒకసారి రాకపోతారా, వచ్చినప్పుడు అడుగుదాం అని స్టెల్లా అనుకుంటూ వచ్చింది. వంకాయలు తరుగుతూ, చింతపండు పిసుకుతూ, ఆ అడగాల్సిన మాటల్ని ఎన్నో రకాలుగా సర్దుకుంది. వంట చేసినందుకు కాదు ఆవిడ బాధ. వంటంటే ఆవిడకి ఇష్టమే. తన బతుకు గురించి తనని ఒక్కమాట అడగలేదే అన్నదే బాధ.

ఒక ఆదివారం పూజ అయ్యాక చర్చి ఆవరణలో సిస్టర్ శాలిని ఎదురైంది. ఇప్పుడు మరియాలయానికి ఆమే పెద్ద. ఒకప్పుడు అదే బోర్డింగులో స్టెల్లా వడ్డిస్తుంటే రెండోసారి పప్పు కోసం పళ్ళెం చాచిన పిల్ల.

"స్టెల్లక్కా, బోర్డింగ్‌కి గోల్డెన్ జూబిలీ చేస్తున్నాం. కొన్సలమ్మగారు వీడియో కాల్‌లో కనబడతారు. పాత పిల్లలందరూ రావాలి."

స్టెల్లా శాలిని చెయ్యి పట్టుకుంది. "నాతో మాట్లాడతారా?"

"అదే కష్టం అక్కా. పక్షవాతం వచ్చింది కదా. మనుషులు గుర్తున్నారు, పాత సంగతులు గుర్తున్నాయి. భాషలే పోయాయి. తెలుగు లేదు, ఇంగ్లీషు లేదు. చిన్నప్పటి స్పానిష్ ఒక్కటే మిగిలిందట. ఏముందిలే, మనం చేతులూపుదాం, ఆవిడ చేతులూపుతారు."

"చేతులూపడానికా నేను ఇన్నాళ్ళు ఆగింది?" అంది స్టెల్లా. శాలినికి ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఆ నిమిషంలో స్టెల్లాకి లేదు.

కర్రీ పాయింటు ఉన్న మేడ పై వాటాలో ఫరహత్ అనే అమ్మాయి ఉంటుంది. హైదరాబాదులో స్పానిష్ చదువుకుని వచ్చింది. ఏదో కంపెనీకి ఇంట్లో కూర్చునే స్పెయిన్ వాళ్ళ ఫోన్లకి జవాబులు చెబుతుంది. వంట చేసుకునే తీరిక లేక రోజూ కిందికే వస్తుంది. ఆ సాయంత్రం ఆమె గోంగూర పప్పు కోసం వస్తే స్టెల్లా కవరు కట్టి చేతికివ్వకుండా పట్టుకుని నిలబడింది.

"ఫరహత్, నాకు స్పానిష్ నేర్పు."

"తప్పకుండా ఆంటీ" అంది ఆ పిల్ల నవ్వుతూ. హాస్యమనుకుంది. కవరు చేతికి రాకపోయేసరికి నవ్వు ఆపింది.

పాఠాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఫరహత్ కిందికి వచ్చి స్టూలు మీద కూర్చునేది. నమస్కారం ఎలా చెప్పాలి, నా పేరు ఫలానా అని ఎలా చెప్పాలి, నేను విజయవాడలో ఉంటాను అని ఎలా చెప్పాలి. స్టెల్లా వారం రోజులు ఓర్చుకుంది.

"చూడమ్మా, నా పేరు ఆవిడకి తెలుసు. నేనెక్కడుంటానో ఆవిడకి అనవసరం. నాకు జరిగిపోయింది చెప్పడం నేర్పు."

"భూతకాలం అప్పుడే రాదు ఆంటీ. పుస్తకంలో బాగా వెనక వస్తుంది."

"నాది ఎప్పుడో జరిగిపోయింది కదా. నేను ఆ పుస్తకంతో పాటు నడవలేను."

ఫరహత్ పుస్తకం మూసేసింది. వండడం అంటే కోసినార్ అని చెప్పింది. నేను అయితే కోసినే, నువ్వు అయితే కోసినాస్తే, ఆమె అయితే కోసినో, మేము అయితే కోసినామోస్, వాళ్ళు అయితే కోసినారోన్. ఇక్కడ అందరూ బెదిరిపోతారు కాబట్టి కాస్త మెల్లగా, పిల్లలకి మందు పోసినట్టు చెప్పింది. స్టెల్లా గరిటె తిప్పుతూనే వింది.

"ఓస్, ఇంతేనా? వండాను, వండావు, వండింది, వండాం, వండారు. తోక మారుతుంది, అంతేగా. ముందు 'నేను' అని వేరే చెప్పాలా?"

"అక్కర్లేదు ఆంటీ. తోకలోనే తెలిసిపోతుంది."

"మాకూ అంతే."

ఫరహత్ ఆవిడ వంక కుళ్ళుగా చూసింది. "మా ఇంట్లో ఉర్దూలో నేను వండినా, మీరు వండినా, ఊరంతా వండినా 'పకాయా' అంటే సరిపోతుంది. ఈ తోకలు బట్టీ పట్టేసరికి నా ప్రాణం మీదికొచ్చింది తెలుసా? మీకేంటి ఆంటీ, పుట్టుకతో వచ్చేసింది!"

చదువు నీకు పుట్టుకతో వచ్చింది అన్న మాట స్టెల్లా తన జన్మలో మొదటిసారి వింది. ఆ సంతోషంలో బెండకాయ వేపుడు మాడ్చేసింది. మాడిన వేపుడు ఇంట్లో లాజరు తిన్నాడు, పాపం.

అక్కడి నుంచి ఆవిడ ఆగలేదు. క్రియ కనబడితే చాలు, ఒలిచేది. ఉతకడం, తోమడం, మోయడం, అడగడం, ఏడవడం. కొన్ని మాటలు తిన్నగా ఉండక దారి తప్పుతాయని ఫరహత్ హెచ్చరించింది. చెప్పడం, చేయడం, రావడం, కోరుకోవడం లాంటివి. మనిషికి ముఖ్యమైనవన్నీ దారి తప్పే ఉంటాయి కాబోలు అనుకుని స్టెల్లా వాటినీ పట్టింది. అన్నం వార్చేటప్పుడు, ఆటోలో కూరగాయల మూటల మధ్య కూర్చుని వచ్చేటప్పుడు, అన్నివేళలా ఆ పెదాలు కదులుతూనే ఉండేవి.

ఒక రోజు ఆవిడ సొంతంగా ఒక వాక్యం కూర్చి ఫరహత్‌కి వినిపించింది. అమ్మగారు వద్దన్నారు అని చెప్పాలి. "లా మాద్రే దిహేరోన్ కె నో."

"ఎంతమంది అమ్మగార్లు ఆంటీ?"

"ఒక్కరే."

"మరి దిహేరోన్ అంటే వాళ్ళంతా కలిసి అన్నారు అని అర్థం."

"అవును, అన్నారు. అమ్మగారు అన్నారు."

"ఒక్క మనిషైతే దీహో అనాలి."

"దీహో అంటే?"

"అంది."

స్టెల్లా గరిటె కింద పెట్టేసింది. "అమ్మగారిని పట్టుకుని 'అంది' అనమంటావా? కళ్ళు పోతాయి!"

ఫరహత్ పగలబడి నవ్వి, ఆ భాషలో అంతేనని చెప్పింది. దొంగ అయినా దొరసాని అయినా ఒక్క మనిషైతే తోక ఒకటే. ఎదురుగా ఉన్నప్పుడు గౌరవానికి 'ఉస్తెద్' అని ముందు పెట్టుకోవచ్చు, అది మన 'మీరు' లాంటిది, కానీ తోక మాత్రం మారదు. స్టెల్లా కొత్తిమీర కట్ట అందుకుని కోయడం మొదలుపెట్టింది. తెలుగులో తన కోపాన్ని ఎన్నిసార్లు సర్దుకున్నా 'అమ్మగారు నాకు ఇలా చేశారు' అనే దగ్గరికి రాగానే ఆ వాక్యమే చేతులు కట్టుకుని నిలబడేది. ఇంకేం అడుగుతుంది? ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. చేసింది ఒక మనిషి, చేసింది ఒక పని.

"దీహో" అంది స్టెల్లా పైకి. అని పైకప్పు వంక చూసింది. పైన ఫ్యాను తిరుగుతోంది, అంతకు మించి ఏమీ జరగలేదు.

లాజరు మంచివాడు. రైల్వే పార్సిల్ ఆఫీసులో పని చేసి చేసి నడుం వంగింది గానీ ఎవరితోనూ మాట పడలేదు, ఎవరినీ మాట అనలేదు. భార్య ఏం చేయబోతోందో అర్థమయ్యాక అతనికి అన్నం సహించలేదు.

"ఆ ముసలావిడని ఇప్పుడు నిలదీస్తావా? అన్నం పెట్టిన తల్లి గదా స్టెల్లా."

"ఆ అన్నం వండిందెవరు?"

లాజరు పళ్ళెం పక్కకి జరిపాడు. "ఆవిడ లేకపోతే మన పెళ్ళెక్కడిది?"

"నీ మీద నాకే కంప్లైంటూ లేదయ్యా. నర్సునయ్యాక కూడా నిన్నే చేసుకునేదాన్నేమో. నన్నొకళ్ళు అడిగితే కదా తెలిసేది!"

"నిజంగా చేసుకునేదానివా?" అన్నాడు లాజరు ఆశగా.

"కూరలు చల్లారిపోతన్నాయి, జరుగు" అంది స్టెల్లా. కానీ ఆ రోజు అతనికి కోడిగుడ్డు అట్టు వేసి పెట్టింది.

స్టెల్లా స్పానిష్ మాట శివపార్వతి గారి నోట పడి, ఆ నోటి నుంచి చర్చికి, చర్చి నుంచి హనుమాన్ జంక్షన్‌కి చేరింది. సిస్టర్ శాలిని మహా సంబరంగా ఒక కాగితం పట్టుకుని కర్రీ పాయింటుకి వచ్చింది. స్పెయిన్‌లోని మఠం వాళ్ళు రాసి పంపిన కృతజ్ఞతా వాక్యాలు. పాత పిల్లలందరి తరఫునా స్టెల్లక్క చదవాలి. స్టెల్లా చేతులు తుడుచుకుని కాగితం అందుకుని, కూడబలుక్కుంటూ చదివింది. మీరు అన్నం పెట్టారు. మీరు చదివించారు. మీరు ప్రేమించారు. మీరు మమ్మల్ని మనుషుల్ని చేశారు.

"ఇందులో నేనెక్కడున్నాను శాలినీ?"

"ఇది కృతజ్ఞత అక్కా."

"కృతజ్ఞత నేనూ చెబుతా. జ్వరమొస్తే పక్కన కూర్చున్నారు, పేలు దువ్వారు. నేనేం మర్చిపోలా. అది చెప్పి, తర్వాత నాది నేను చెబుతా."

"నీది ఏంటి?"

అప్పుడు చెప్పింది స్టెల్లా. సీటు రావడం, సంపూర్ణమ్మ మంచాన పడడం, తనని అడక్కుండా జవాబు వెళ్ళిపోవడం. ఇన్నేళ్ళలో మఠం మనిషి ముఖం మీద ఆ సంగతి చెప్పడం అదే మొదలు. శాలిని తల దించుకుని వింది.

"మంచికే చేసుంటారక్కా. నువ్వు వండకపోతే మేమంతా ఏం తినేవాళ్ళం?"

"నేనూ అదే అంటున్నా. ఆ ముక్క మీ జూబిలీ పుస్తకంలో ఎక్కడన్నా ఉందా?"

"ఆవిడ పెద్దవారైపోయారు. ఇప్పుడిది వింటే ఆవిడకేదన్నా అయితే?"

"నన్ను పొయ్యి ముందు నిలబెట్టినప్పుడు, ఈ పిల్లకేదన్నా అవుతుందేమో అని ఆవిడ ఆగారా?"

శాలిని మొహం గంటు పెట్టుకుంది. "అట్లయితే నీకు మైకు ఇవ్వలేను అక్కా."

"మైకు నీ దగ్గరుంది. భాష నా దగ్గరుంది. ఆలోచించుకో."

శాలిని ఆలోచించుకుంది. ఆ కాగితం చదవగలిగినవాళ్ళు కృష్ణా జిల్లాలో ఇంకెవరైనా దొరుకుతారేమో అని ఫోన్లు చేసి చూసింది. ఎవరూ దొరకలేదు. ఫరహత్‌ని అడిగితే, ఆంటీ ఉండగా నేను చదవనంది. చివరికి మళ్ళీ స్టెల్లాకే చేసి, కాగితం చదివి ఆపేస్తానని మాటివ్వమంది. "చదువుతా. ఆపుతానని మాటివ్వను. మర్యాద తప్పనని మాత్రం మాటిస్తా" అంది స్టెల్లా. ఆ మాటతోనే శాలిని సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

జూబిలీ నాడు మరియాలయం హాలు నిండిపోయింది. పట్టుచీరల ఆడవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, హాలు బయట బిర్యానీ డేగిశాలు. ఆ ఆవరణలో స్టెల్లా వడ్డించకుండా కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. అలవాటు చొప్పున రెండుసార్లు డేగిశాల వైపు లేచి, లాజరు చీర కొంగు పట్టుకు లాగితే మళ్ళీ కూర్చుంది.

తెర మీద బొమ్మ వచ్చింది. హాలంతా ఒక్కసారిగా "అయ్యో" అంది. ఆ పొడుగాటి మనిషి చక్రాల కుర్చీలో ఇంతైపోయారు. తల మీద ముసుగు లేదు, పల్చటి తెల్ల జుట్టు కనబడుతోంది. అమ్మగారికి జుట్టు ఉంటుందని ఆ పిల్లలెవరూ ఎప్పుడూ అనుకోలేదు. పక్కన నర్సు బట్టల్లో ఒక అమ్మాయి ఫోను పట్టుకుని ఉంది. స్టెల్లా చూపు ముందు అమ్మగారి మీద కాదు, ఆ అమ్మాయి బట్టల మీద ఆగింది. అప్పటిదాకా ఏ మూలో ఉన్న జాలి కాస్తా అక్కడితో పోయింది.

కాగితం చదివింది. తప్పుల్లేకుండా చదివింది. అమ్మగారు ఓ పక్కకి ఒరిగిన మొహంతో నవ్వారు. హాలు చప్పట్లు కొట్టింది. శాలిని మైకు కోసం చెయ్యి చాచింది. స్టెల్లా మైకు ఇవ్వలేదు.

"మాద్రే, నేను స్టెల్లాని" అంది స్పానిష్‌లో. జ్వరమొస్తే మీరు పక్కన కూర్చున్నారు, అది నాకు గుర్తుంది అని చెప్పింది. ఆ తర్వాత బల్ల అంచు పట్టుకుని, ఒక్కొక్క క్రియే తీసి పెట్టింది. కోసినే, చాలా ఏళ్ళు వండాను. కీసే, నర్సు కావాలని కోరుకున్నాను. సీటు వచ్చింది. "ఉస్తెద్ దీహో కె నో." మీరు వద్దన్నారు. "నో మె ప్రెగున్తో." నన్ను అడగలేదు. మధ్యలో ఒకటి రెండు తోకలు తప్పాయని నర్సమ్మాయి కనుబొమలు చెప్పాయి. అయినా ఆ అమ్మాయి వంగి, అమ్మగారి చెవి దగ్గర ఆ మాటలే మళ్ళీ గట్టిగా, సరిచేసి చెప్పింది.

అమ్మగారి నవ్వు ఆగిపోయింది. కళ్ళు చికిలించి తెరలోకి చూశారు. గుర్తుపట్టారని స్టెల్లాకి తెలిసిపోయింది. పాత గొంతు కాదు, అందులో సగం కూడా లేదు, కానీ అదే ఖచ్చితం.

"ఈసే బియెన్."

మంచిపనే చేశాను, అన్నారు.

స్టెల్లా తల దానంతటదే వంగబోయింది. చిన్నప్పటి నుంచి ఆ గొంతుకి వంగడమే దానికి తెలుసు. పక్కన ఫరహత్ లేదు, పుస్తకం లేదు, ఈ జవాబు ముందుగా కూర్చి పెట్టుకున్నది కాదు. ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలోనే అమ్మగారి మాట పట్టుకుని, తోక తిప్పి, వెనక్కి ఇచ్చేసింది.

"నో, మాద్రే. ఈసో మాల్."

హాల్లో ఎవరికీ మాట అర్థం కాలేదు, స్వరం మాత్రం అందరికీ అర్థమైంది. "అక్కా, ఏమన్నావు?" అంది శాలిని. స్టెల్లా మైకులోనే చెప్పింది, అందరికీ వినబడేలా.

"నాకు నర్సు సీటొస్తే నన్నడక్కుండా వద్దని రాశారు. అడగలేదేమని అడిగాను. మంచిపనే చేశానన్నారు. కాదు అమ్మగారూ, తప్పు చేశారు అన్నాను."

లాజరు కళ్ళు మూసుకున్నాడు. శాలిని కాల్ కట్ చేయడానికి లాప్‌టాప్ వైపు నడిచింది. ఇంతలో తెర మీద అమ్మగారు బాగున్న చెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి లేస్తే ఆగడం శాలినికి కూడా చిన్నప్పటి అలవాటే, ఆగిపోయింది.

"కియెన్ మాస్?" అన్నారు అమ్మగారు.

ఇంకెవరు? ఆ అడగడంలో ఇంకెవరికి అన్యాయం చేశాను అనే దిగులుందో, నన్ననేవాళ్ళు ఇంకెవరున్నారో రమ్మను అనే పాత అధికారం ఉందో స్టెల్లాకి తెలియలేదు. ఏదైనా కానీ, అడిగారు. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఇప్పుడు అడిగారు.

"ఇంకెవరు అని అడుగుతున్నారు" అంది స్టెల్లా హాలు వైపు తిరిగి.

స్టెల్లా మైకు దించలేదు. కాసేపటికి వెనక వరస నుంచి ఒక లావుపాటి ఆవిడ కుర్చీని పక్కకి తోసి లేచింది. మాణిక్యమ్మ. స్టెల్లా కంటే రెండు తరగతులు కింద ఉండేది. ఒక రోజు బడికి రావడం మానేసింది, ఆ తర్వాత కాలవ రేవులోనే కనబడేది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా గబగబా ముందుకి వచ్చింది.

"నేను. నా చదువు మాన్పించి రేవులో పెట్టారు. అందరి దుప్పట్లూ నేనే ఉతికా. చెప్పు స్టెల్లా, చెప్పు ఆవిడకి."

ఉతికింది అని చెప్పడానికి స్టెల్లా నోరు తెరిచింది. తెరిచి, మనసు మార్చుకుంది.

"నేను చెప్పడమేంటి, నువ్వే చెప్పు. ఉతికాను అంటే లావే. అను."

మాణిక్యమ్మ మైకు లాక్కుంది. కాలవ అవతలి గట్టు మీది మనిషిని కేకేసినట్టు తెర వైపు కేకేసింది.

"లావే!"

తెర మీద అమ్మగారు ముందుకి వంగి వింటున్నారు.